నాలుగోవాడి మాటలు

ఖైతాన్‌లో మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయిన బిల్డింగు.
నాలుగు మంచాలు, ఒక కుక్కరు, గడియ పడని బాత్‌రూము.
కంపెనీ మూసేసి పోతా పోతా
ఇంగ్లీషు సూపర్‌వైజరు పెంచలయ్య చేతిలో ఒక హార్డ్‌డిస్కు పెట్టినాడు.
అందులో అన్నీ పైపుల లెక్కలే
ఒక్క ఫోల్డరు తప్ప.

ఆ ఫోల్డరులో ఒక ఇల్లు.
బయట యాభై డిగ్రీలు మాకు,
ఆ కిటికీలో మాత్రం ఎప్పుడూ వాన.
ఒకడు కోటు విప్పకుండా స్నానం చేస్తాడు.
ఒకడు ఇంట్లో కుర్చీలు ఒక్కొక్కటే అమ్ముకుంటాడు.
ఒకామె అర్ధరాత్రి లేచి బాకా ఊదుతుంది,
ఒక్క పాటా రాదు ఆమెకు.
నాలుగోవాడు ఎందుకుంటాడో
పద్నాలుగు భాగాలు చూసినా తెలీలేదు.

ఇంగ్లీషు మౌలాలికి వచ్చు.
మదనపల్లె కాన్వెంటులో ఏడు దాకా చదివినోడు.
తెరలో కనపడని జనం ముందే నవ్వేస్తారు.
మేం మౌలాలి మొహం చూస్తాం.
"ఏమన్నాడంటే," గొంతు సవరించుకుంటాడు,
"బాడుగ మా నాయనా కట్టలేదు, మా తాతా కట్టలేదు,
ఇప్పుడు నేను కడితే వంశానికే అరిష్టం అంటాండాడు."
అప్పుడు నవ్వుతాం
వాళ్ల నవ్వులు సద్దుమణిగినాక, మూడు మంచాలూ కిర్రుమనేలా.
నాలుగోవాడు నోరు తెరిస్తే మాత్రం
"వాడేం అనలేదులే" అనేవాడు మౌలాలి.

నాకు పట్టుకున్నది జోకులు గాదు.
ఒక భాగంలో గోడ కూలుతుంది. ఇంకోదాంట్లో సోఫా తగలబడుతుంది.
మళ్లా భాగానికి గోడ గోడే, సోఫా సోఫానే.
ఎవరు కట్టినారు, ఎంతయింది, ఎవరి వాటా ఎంత,
ఎవరూ అడగరు.
జకరయ్య పగలగొట్టిన గాజు మూత
రెండేండ్లయినా పగిలే ఉంది మా దగ్గర,
పళ్లెం బోర్లించి అన్నం వండుకుంటాం.
ఆ రోజు వాడూ నేనూ అనుకున్న మాటా అట్లనే ఉంది,
దానికి బోర్లించే పళ్లెం దొరకలా.

ఇంకోటి, వాళ్లెవరూ బాగుపడరు.
చివర్లో కండ్లు తుడుచుకోని 'బుద్ధొచ్చింది' అనరు.
నెలాఖరుకు ఎవరికీ దుడ్డు పంపరు.
ఒకరి పొడ ఒకరికి గిట్టదు,
అయినా తలుపు తీసుకోని పోరు.
పోను చోటు లేదేమో పాపం అనుకున్నాం మొదట్లో.
ఆరోసారి చూసేటప్పుడు అనుమానమొచ్చింది,
పోబుద్ధి కాదేమోనని.

జూన్‌లో మౌలాలి అకామా అయిపోయింది.
వాడి మంచంలోకి కదిరి పక్క తండానుంచి
తిప్పేనాయక్ వచ్చినాడు, డిప్లొమా చదివినోడు.
ఈ రూములో చేరితే ఒకటో భాగం నుంచీ చూడాల్సిందే,
అది మా చట్టం.
పది నిమిషాలు చూసి
"బాడుగ మాటే ఎత్తలేదన్నా. గొడుగు పోయిందంటాండాడు" అన్నాడు.

ఆ వారమంతా అసలు మాటలు విన్నాం.
బాగానే ఉన్నాయి. తిప్పేనాయక్ పడీపడీ నవ్వినాడు.
మేం ముగ్గురం వేరే లెక్కలు తీస్తా కూర్చున్నాం.
ఇంటి ఓనరు మాటలన్నీ మా బిల్డింగు హారిస్‌వి,
"నీళ్లా? రేపు, ఇన్షా అల్లా."
బాకా ఆమెవి పెంచలయ్య నిద్రలో కలవరించేవి.
జకరయ్య, నేను కూడా ఉన్నాం
కోటు కిందా, కుర్చీల బేరంలోనూ.
మరి నాలుగోవాడో అని అడిగితే
"వాడే కదన్నా అందరికన్నా ఎక్కువ మాట్లాడేది" అన్నాడు తిప్పేనాయక్.

శుక్రవారం మౌలాలికి ఫోన్ చేసినాం.
వెనక టమేటా మండీ, వేలంపాట కేకలు.
ఏ భాగమని అడిగినాడు. తొమ్మిది అన్నాం.
ఫోను స్పీకరు దగ్గర పెట్టినాం.
తెరమీద నాలుగోవాడు చాలాసేపు ఏందో చెప్పినాడు,
కనపడని జనం నవ్వినారు, ఆగినారు.
మేం ఫోను వైపు చూసినాం.

"ఏమన్నాడంటే," అన్నాడు మౌలాలి.

నెట్టు తెగిందో, వాడే ఆగినాడో.
టమేటాల రేటు మాత్రం వినపడతానే ఉంది.